గేటు దగ్గర నిలబడటం కూడా నేర్చుకోవాలట

నేను ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. రక్తం చూస్తే కళ్ళు తిరిగే రకం. అలాంటి నేను ఫస్ట్ ఎయిడ్ కార్డు పట్టుకుని కాలనీ వలంటీర్ల గ్రూపులో ఎలా తేలానో రాసి పెట్టమని మా చెల్లెలు నెల రోజులుగా పోరుతోంది. నిజాంపేటలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటిది మొదలుపెడతారట. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, మధ్యలో మా కమిటీ మీద విసుగు కూడా వస్తుంది, సర్దుకోండి.

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కాప్రా వైపు లోపలికి వస్తే ఓ పాత కాలనీ. రెండేళ్ళ కింద మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఎదురింటి అంకుల్ వరండాలో కూలబడిపోయారు. నిమిషంలో ఇరవై మందిమి పోగయ్యాం. ఒకరు మొహాన నీళ్ళు చల్లారు, ఒకరు అరికాళ్ళు రుద్దారు, ఇంకొకాయన ఫిట్సేమోనని చేతిలో తాళాల గుత్తి పెట్టారు. నేనైతే గ్లాసు తెచ్చి నీళ్ళు తాగించబోయాను. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని అప్పుడు తెలియదు, ఆంటీ చెయ్యి అడ్డం పెట్టబట్టి సరిపోయింది.

108కి ఫోన్ వెంటనే చేశాం, బండీ తొందరగానే వచ్చింది, మెయిన్ రోడ్డు దాకా. సైరన్ వినబడుతోంది గానీ బండి జాడ లేదు. మా ఇంటి నంబర్ల సంగతి మీకు తెలిసిందే, నాలుగు గీతలు, రెండు స్లాష్‌లు, పక్కింటి నంబరుకీ మన నంబరుకీ చుట్టరికం ఉండదు. రెండో వీధికి అడ్డంగా ఎవరిదో పెళ్ళి షామియానా, మూడో వీధిలో ఇసుక కుప్ప. ఇరవై మందిలో ఒక్కరు వెళ్ళి గేటు దగ్గర నిలబడితే సరిపోయేది, అది ఎవరికీ తట్టలేదు. అందరం అంకుల్‌కు గాలి ఆడకుండా చుట్టూ మూగి, "ఇంకా రాలేదేంటి" అని తిడుతూ నిలబడ్డాం. అంకుల్ బతికారు. షుగర్ బాగా పడిపోయిందట, బండిలో గ్లూకోజ్ ఎక్కిస్తుంటే కళ్ళు తెరిచారు.

ఆ రాత్రి కాలనీ వాట్సాప్‌లో ఆవేశం పొంగింది, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకుంటామని పేర్లిచ్చింది పంతొమ్మిది మంది. మొదట వెళ్ళిన చోట డబ్బు కట్టించుకుని మూడుసార్లు వాయిదా వేసి, చివరికి గంటసేపు తెర మీద బొమ్మలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. అందులో నా పేరు కూడా తప్పు. మనిషి ఆకారపు బొమ్మ మీద చేతులు పెట్టించి నేర్పని కోర్సుకు డబ్బు కట్టకండి, ముందే అడగండి. పంతొమ్మిది మందిలో సగం అక్కడే జారిపోయారు.

తర్వాత దొరికింది అసలైనది. శని, ఆదివారాలు రెండు రోజులు, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిలో, కార్డు రెండేళ్ళు చెల్లుతుంది. నేర్పినాయన ఆర్మీ మెడికల్‌లో చేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్న పెద్దాయన. కుర్చీలో కూర్చోనివ్వలేదు, పొద్దున తొమ్మిదింటికే సీపీఆర్ నేర్పడానికి, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం నేర్పడానికి, అందర్నీ నేల మీదికి దించేశారు. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంగకూడదు, కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. సరిగ్గా దిగితే బొమ్మ టిక్కుమంటుంది. నా బొమ్మ పది నిమిషాలు మూగనోము పట్టింది. "మేడమ్, చపాతీ పిండి పిసుకుతున్నారా" అని అడిగారాయన. చేతులతో కాదు, నడుము నుంచి బరువంతా వెయ్యాలని అర్థమయ్యాక టిక్కుటిక్కుమంది, పరీక్షలో ఫస్టొచ్చినంత సంబరపడ్డాను. ముప్పై నొక్కుళ్ళకు రెండు ఊపిర్లు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎంత బలమున్నవాడికైనా ఆ తర్వాత లోతు తగ్గిపోతుంది.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నాటుకున్నది ఒకటుంది. గుండె ఆగిన మనిషి కూడా మొదట్లో అప్పుడప్పుడూ ఎగశ్వాసలా నోరు తెరుస్తాడు, అది చూసి "ఊపిరుంది" అనుకుని అందరూ చేతులు కట్టుకుంటారు. ఊపిరి చూడటానికి పది సెకన్లకు మించి పెట్టకండి, మామూలు ఊపిరి కాకపోతే మొదలుపెట్టండి అన్నారు.

పోలీసు గొడవల గురించి అందరికీ భయమే. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్ళను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు, పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యకూడదు. ఇది రోడ్డు ప్రమాదాల సంగతి, ఇంట్లో పడిపోయినవాళ్ళది కాదు అని కూడా ఆయనే విడమరిచి చెప్పారు. బ్రిటన్‌లో ఇలాంటి వలంటీర్లను కమ్యూనిటీ ఫస్ట్ రెస్పాండర్లంటారట, అంబులెన్స్ కంట్రోల్ రూమే దగ్గర్లో ఉన్నవాళ్ళకు కబురు పంపుతుంది, బండి వచ్చేలోగా వాళ్ళు చేరుకుంటారు. మాకు అలా ఎవరూ కబురు పంపరు. మా గ్రూపు మాదే, ముందు 108కి ఫోన్, ఆ తర్వాతే గ్రూపులో మెసేజ్, ఈ వరస మాత్రం తప్పకూడదని రాసుకున్నాం.

కోర్సయ్యాక ఒకరోజు మా ఏరియా 108 బండి ఆగే చోటికి ఉప్మా పట్టుకుని వెళ్ళాం. ఉన్నది ఇద్దరు, ఈఎమ్‌టీ (బండిలో వైద్యం చూసేవాళ్ళు) ఒక అమ్మాయి, పైలట్ పెద్దాయన (108లో డ్రైవర్‌ను పైలట్ అంటారు). 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. ఆ కబుర్లు చెప్పీ చెప్పీ చివర్లో పైలట్ అన్నాడు, "మేడమ్, మాకు మీరు డాక్టర్ పని చెయ్యనక్కర్లేదు. చౌరస్తల ఒక మనిషిని నిలబెట్టుండ్రి, గేటు తాళం తీసి పెట్టుండ్రి, లిఫ్ట్ ఆపి పెట్టుండ్రి. పాత మందుల చీటీలు ఒక కవర్ల ఏసి ఇయ్యుండ్రి. చాలు." మేమేమో ఎరుపు టీషర్టులు కుట్టించుకుందామా అని చర్చిస్తున్నాం అప్పటికి.

దాంతో ప్లాన్ మారింది. కాలనీ మ్యాప్ గీశాం, ప్రతి వీధి మొదట్లో పెద్ద అంకెలు రాయించాం, షామియానా వేసేవాళ్ళు ఒక పక్క బండి పట్టేంత దారి వదలాలని కమిటీ చేత నోటీసు పెట్టించాం. నోటీసుకు నాలుగు నెలలు పట్టింది. గుండెకు షాక్ ఇచ్చే మెషిన్, అదే ఏఈడీ, కొనడానికి ఇంకో ఆరు నెలలు. లక్షకు పైనే చెప్పారు, ఆ డబ్బుతో ఇంకో నాలుగు సీసీ కెమెరాలు వస్తాయి కదా అని ఒకాయన. గుండె ఆగాక సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుందని లెక్కల టీచర్‌గా బోర్డు మీద గీసి చూపించాను, అప్పుడు ఒప్పుకున్నారు. కొని ఏం చేశారంటే, దుమ్ము పడుతుందని అసోసియేషన్ ఆఫీసు బీరువాలో పెట్టారు.

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. మిగిలిన వలంటీర్లలో ఎక్కువమంది ఐటీ పిల్లలు, పగలంతా గచ్చిబౌలిలో ఉంటారు. పొద్దున పదకొండింటికి కాలనీలో ఉండేది ఎవరు? నేను, ఇద్దరు రిటైరైన అంకుల్స్, వాచ్‌మన్, కిరాణా కొట్టు అక్క, మూల మీద ఇస్త్రీ బండి తమ్ముడు. వీళ్ళను మొదట ఎవరూ అడగనే లేదు. మాకు నేర్పిన పెద్దాయన్నే బతిమాలి ఒక ఆదివారం కాలనీకి పిలిపించి వీళ్ళకీ నేర్పించాం. అందరికంటే బాగా చేసింది ఇస్త్రీ తమ్ముడు. రోజంతా బొగ్గుల పెట్టె తోసే చేతులు, బొమ్మ ఒక్కసారి కూడా తప్పకుండా టిక్కుమంది.

పోయిన నవంబర్‌లో అతనే పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నాలుగో వీధిల తాత పడిపోయిండు, పలుకుతలేడు." ఆ ఇంటి కోడలు అప్పటికే 108తో ఫోన్‌లో ఉంది. తాత వంటింటి గుమ్మంలో వెల్లకిలా, నోరు తెరుస్తున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ తెరుస్తున్నారు. "ఊపిరి తీసుకుంటున్నారు కదండీ" అంది ఆమె. కాదమ్మా అన్నాను. మొదలుపెట్టాను. పిల్లలకు ఎక్కాలు చెప్పించే గొంతుతో పైకే లెక్కపెట్టాను, మూడోసారికో నాలుగోసారికో చేతి కింద టప్‌మని పక్కటెముక విరిగింది. అలా అవుతుంది, ఆపకండి అని క్లాసులో చెప్పారు. చెప్పడం వేరు. తర్వాత తమ్ముడు అందుకున్నాడు, మళ్ళీ నేను, మళ్ళీ అతను. కిరాణా అక్క మెషిన్ కోసం ఆఫీసుకు పరుగెత్తింది, బీరువా తాళం సెక్రటరీ దగ్గర, ఆయన విజయవాడలో.

ఫోన్ చేసిన తొమ్మిది నిమిషాలకు బండి వచ్చింది. వాచ్‌మన్ చౌరస్తా నుంచి దాని ముందు సైకిల్ మీద దారి చూపిస్తూ తెచ్చాడు, ఒక్క చోట ఆగలేదు. వాళ్ళు ప్యాడ్లు అంటించారు, మెషిన్ షాక్ వద్దంది. అప్పటికి గుండె గీత చదునైపోయింది. మొదటి నిమిషాల్లో షాక్‌కు లొంగే కొట్టుకోవడం ఏమైనా ఉందేమో, ఉంటే అది తర్వాత ఆగిపోయిందేమో, ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం ఆ బీరువాను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, తాత దక్కలేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. వాళ్ళ దూరపు చుట్టమెవరో "ఎముకలు విరగ్గొట్టారంట" అన్నారని నా దాకా వచ్చింది. పదకొండో రోజు భోజనానికి పిలిచారు, వెళ్ళాను, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కోడలు నా విస్తట్లో రెండోసారి పప్పు వేసి పక్కన కాసేపు కూర్చుంది.

మెషిన్ ఇప్పుడు వాచ్‌మన్ గదిలో గోడకు వేలాడుతోంది, తాళం లేదు. ప్యాడ్లకూ బ్యాటరీకీ గడువు తేదీలుంటాయి, ఒకటో తారీఖున చూసి రాయడం నా పని. ఆ తర్వాత వచ్చినవన్నీ చిన్నవే, గేటు దగ్గర డెలివరీ అబ్బాయికి ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూశాం, నూనె మీద పడిన పిల్లకు టూత్‌పేస్ట్ రాయనివ్వకుండా ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పట్టించాం.

చెల్లీ, నా కార్డు గడువు వచ్చే నెలతో అయిపోతోంది, మళ్ళీ రెండు రోజులు కూర్చోవాలి. నువ్వు కూడా అదే బ్యాచ్‌లో చేరు. మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత తువ్వాలు ఒకటి తెచ్చుకో, పోయినసారి నాకెవరూ చెప్పలేదు, తోలు ఊడిపోయింది.