ఇండికేటర్ చప్పుడు

పొద్దున్నే ఒక ఎయిర్‌పోర్ట్ డ్రాప్ చేసి తిరిగొస్తూ, ఆరాంఘర్ దగ్గర చాయ్ హోటల్ ముందు బండి ఆపి ఫోన్‌లో ఇది రాస్తున్నాను. డిసెంబర్ అయిపోవస్తోంది. ఈ ఏడాది ఏం జరిగిందో ఒకచోట రాసి పెట్టుకోవాలని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. కిస్తీల లెక్క కాదు, అది ఎప్పుడూ నోటికే ఉంటుంది. ఇది చెవి సంగతి.

మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. 1999లో లైసెన్స్ తీసుకుని హైదరాబాద్ వచ్చాను. మొదట స్కూల్ వ్యాన్, తర్వాత ఐటీ కంపెనీల నైట్ షిఫ్టులు, ఆ తర్వాత సొంత డిజైర్ కొనుక్కుని యాప్ క్యాబ్. అంటే పాతికేళ్ళకు పైగా నా కుడి చెవి కిటికీ పక్కనే ఉంది. ఏసీ వేస్తే మైలేజ్ పడిపోతుందని అద్దం దించే నడిపాను. అమీర్‌పేట సిగ్నల్లో బస్సు పక్కన, మెహిదీపట్నంలో ఆటోల మధ్య, శంషాబాద్ రోడ్డు మీద లారీల పక్కన. ఆ చెవికి ఏమైనా అవుతుందన్న ఆలోచన ఏ రోజూ రాలేదు.

సంవత్సరం మొదలవడమే గొడవతో మొదలైంది. కస్టమర్ ఓటీపీ చెప్తాడు, నేను కొడతాను, తప్పు అని వస్తుంది. మళ్ళీ అడుగుతాను. ఫైవ్ అంటే నైన్ అని కొడతాను, నైన్ అంటే ఫైవ్. మూడోసారి అడిగేసరికి అవతలి మనిషికి కోపం వస్తుంది. ఈకాలం పిల్లలు నోరు తెరిచి మాట్లాడరు, ఫోన్‌లోకి తలపెట్టి గొణుగుతారు అని నాలో నేను విసుక్కునేవాణ్ణి. మార్చిలో ఒక అమ్మాయి ఇక్కడ ఆపండి అని వెనక నుంచి మూడుసార్లు అన్నదట. నేను ఆపకుండా ముందుకు పోయాను. రాత్రి పదిన్నర, హైటెక్ సిటీ వెనక రోడ్డు. ఆ పిల్ల ఎంత భయపడి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం కంప్లెయింట్ పెట్టిందని, వారం రోజులు నా ఐడీ ఆగిపోయిందని బాధపడ్డాను.

ఇంట్లోనూ అదే కథ. మా ఆవిడ పిలిస్తే పలకనని, ఏదైనా చెప్తే ఎటో చూస్తుంటానని, తాగుడు మొదలుపెట్టానేమో అని మా అక్కకు ఫోన్ చేసి ఏడ్చిందట. నాకు తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది. సరిగ్గా వినపడకపోతే "ఆ, సరే సరే" అనేయడం. దాంతో మాట అక్కడితో అయిపోతుంది, మళ్ళీ అడిగే పని ఉండదు. ఆ "సరే" వల్ల జరిగిన నష్టం గురించి చివర్లో చెప్తాను.

చలికాలం మొదట్లో ట్రావెల్స్ అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, ఒక ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, ఏడు రోజులు డ్యూటీ, పన్నెండు గంటల లెక్క, దాటితే బత్తా. తెల్ల షర్టు వేసుకుని రావాలి." వెంటనే ఒప్పుకున్నాను. నాకు ఫెస్టివల్ కొత్త కాదు. పిల్లల సినిమాల ఫెస్టివల్ మన దగ్గరే జరిగేది, రెండేళ్ళకోసారి, నవంబర్ 14న మొదలయ్యేది. 2011లో ఒక స్కూల్ పిల్లల్ని వ్యాన్‌లో సినిమాలకు తిప్పాను. పోయేటప్పుడు గోల, వచ్చేటప్పుడు అంతకు రెండింతల గోల, ఎవరికి ఏ సీన్ నచ్చిందో అందరూ ఒకేసారి చెప్పేవారు. అప్పుడు అన్నీ వినపడేవి.

ఫెస్టివల్ డ్రైవర్ పని బయటికి తేలికగా కనిపిస్తుంది. అద్దానికి స్టిక్కర్, మెడలో కార్డు, డీజిల్ వాళ్ళదే. అసలు పని రాత్రి పదకొండుకు మొదలవుతుంది. రేపటి డ్యూటీ చార్ట్ అప్పుడే వాట్సాప్ గ్రూపులో పడుతుంది: ఏ బండి, ఏ గెస్ట్, ఏ ఫ్లైట్, ఏ హోటల్. విదేశాల ఫ్లైట్లు చాలావరకు రాత్రి రెండు, నాలుగు మధ్య దిగుతాయి. పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడాలి. మన నోరు తిరగని పేరు అయినా తప్పు లేకుండా రాయించుకోవాలి, ఎందుకంటే ఇరవై గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి ఈ ఊళ్ళో తెలిసింది ఆ అట్ట మీది తన పేరు ఒక్కటే. వాళ్ళు అట్ట చూసి నవ్వే ఆ ఒక్క క్షణం కోసం రాత్రంతా మేలుకోవచ్చు. నిజంగా చెప్తున్నాను. యాప్‌లో వెయ్యి మంది ఎక్కి దిగుతారు, ఒక్కరూ మొహం చూడరు. ఆ ఏడు రోజుల్లో ఎక్కిన ప్రతివాళ్ళూ నా పేరు అడిగారు. ఒక ముసలాయన, డైరెక్టర్, దిగేటప్పుడు బానెట్ మీద చెయ్యి వేసి బండికి కూడా దండం పెట్టాడు.

మూడో రోజు నుంచి నాకు ఒకే గెస్ట్‌ను ఇచ్చారు. తిరువనంతపురం నుంచి వచ్చిన మేడం. అరవై దాటి ఉంటాయి. సినిమాలకు సౌండ్ రికార్డ్ చేసే పని, జ్యూరీలో ఉన్నారు. వెనక డోర్ తీస్తే వద్దని ముందు సీట్లో కూర్చున్నారు. హిందీలో మాట్లాడుకున్నాం, ఆమెది మలయాళం హిందీ, నాది మన హైదరాబాద్ హిందీ. వాళ్ళ ఊళ్ళో ఏటా డిసెంబర్‌లో ఫెస్టివల్ జరుగుతుందని, ఆటో డ్రైవర్లు కూడా సినిమాల గురించి వాదించుకుంటారని చెప్పారు. మీ పని ఏంటి మేడం, డైలాగులు రికార్డ్ చేయడమేనా అని అడిగాను. డైలాగులు సగమే అన్నారు. ఒక గదిలో షూటింగ్ అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేస్తారట. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే, ఒకదానిది ఇంకోదానికి అతకదు అన్నారు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నాం, మెహిదీపట్నం దగ్గర పడుతోంది. "భయ్యా, ఈ వంతెన ఎక్కినప్పటి నుంచీ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది, మీకు వినపడటం లేదా?" అన్నారు మేడం. చూస్తే డ్యాష్‌బోర్డ్ మీద పచ్చ బాణం వెలిగి ఆరుతోంది. పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన. ఆపేశాను. ఆపాక కూడా నాకు తేడా ఏమీ తెలియలేదు, పచ్చ బాణం ఆరింది, అంతే. ఈ బండికి ఆ చప్పుడు రాదనుకుంటా మేడం అన్నాను. ఆమె నా వైపు చూసి ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున చార్మినార్ చూపించమన్నారు. చూడటానికి కాదు, వినడానికి. ఏడింటికల్లా తీసుకెళ్ళాను. ఆ పక్క సందుల్లో వెండి వరఖ్ కొట్టేవాళ్ళు ఇంకా కొందరున్నారు. మిఠాయి మీద, పాన్ మీద అంటించే రేకు. తోలు పొరలు పుస్తకంలా కుట్టి ఉంటాయి. ఒక్కో పొర మధ్య చిన్న వెండి ముక్క పెట్టి, ఆ పుస్తకాన్ని రాయి మీద పెట్టి సుత్తితో గంటలకొద్దీ కొడతారు. వెండి చిత్తవుతూ చిత్తవుతూ ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పలచన అవుతుంది. కొట్టే దెబ్బ ఒక లయలో ఉంటుంది, చెయ్యి మారితే లయ మారుతుంది. మేడం అక్కడ కొడుతున్న ఒకాయన్ని అడిగి, బొచ్చు తొడుగు వేసిన మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

తర్వాత హెడ్‌ఫోన్ నా తలకు పెట్టారు. వినండి, సుత్తి ఎటువైపు ఉంది అని సైగ చేశారు. ఎడమ వైపు అన్నాను. ఆయన మాకు సరిగ్గా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మేడం హెడ్‌ఫోన్ తీసి, కుడిది ఎడమకు ఎడమది కుడికి తిప్పి పెట్టారు. ఇప్పుడు? మళ్ళీ ఎడమే. ఆమె నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, మెల్లగా, మొహం నాకు కనపడేలా నిలబడి చెప్పారు. "వైర్లు బాగానే ఉన్నాయి భయ్యా. మీ కుడి చెవి చూపించుకోవాలి. మూడు రోజులుగా చూస్తున్నాను, నేను మాట్లాడితే మీరు రోడ్డు మీంచి చూపు తీసి నా నోటి వైపు తిరుగుతున్నారు."

నాకు ముందు వచ్చింది భయం. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఫారం 1ఏ మీద డాక్టర్ సంతకం కావాలి, అందులో చెవుల ప్రశ్న కూడా ఉంటుంది. లైసెన్స్ పోతే కిస్తీలు ఎవరు కడతారు, పిల్ల ఫీజు ఎవరు కడతారు? ఆ మాటే అన్నాను. "తెలియకుండా నడపడం కన్నా తెలిసి నడపడం నయం కదా" అన్నారు ఆమె. మార్చిలో ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఆ సందులోనే, బండి దగ్గరికి నడుస్తూ, మొట్టమొదటిసారి నాకు విషయం అర్థమైంది. ఆ పిల్ల గొణగలేదు.

ఆఖరి రోజు మేడం నాకు ఒక పాస్ ఇప్పించి పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూపించారు. ఏ భాషో తెలియదు, కింద ఇంగ్లీషులో మాటలు వస్తున్నాయి, చదివేలోపు పోతున్నాయి. కానీ ఒకచోట మాటలు లేకుండా చాలాసేపు వాన పడింది. అది మాత్రం నాకు బాగా తెలిసిన వాన, రేకుల కప్పు మీది వాన. రాత్రి ఎయిర్‌పోర్ట్‌లో దింపినప్పుడు, టెస్ట్ చేయించుకున్న రోజు మెసేజ్ పెట్టమని నంబర్ ఇచ్చారు.

కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్ళడానికి ఇంకో పది రోజులు పట్టింది. డ్యూటీలు ఉన్నాయని వాయిదా వేశాను, అసలు కారణం భయమే. లైన్లో రెండు గంటలు. తర్వాత ఒక చిన్న మూసిన గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. బీప్ వినపడితే నొక్కాలి. ఎడమ చెవికి చాలావాటికి నొక్కాను. కుడి చెవికి మార్చాక చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో అని అద్దంలోంచి చూశాను. అక్కడ టెస్ట్ చేస్తున్న అమ్మాయి వేలు మీటల మీద కదులుతూనే ఉంది. శబ్దాలు వస్తున్నాయి, నాకు రావడం లేదు. అంతసేపు అలా కూర్చోవడం కష్టమైంది.

డాక్టర్ గ్రాఫ్ చూపించి ఓపిగ్గా చెప్పారు. కుడి చెవి గీత 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని కీచు శబ్దాల దగ్గర, గుంటలో పడ్డట్టు కిందికి దిగింది. పెద్ద శబ్దాలు ఏళ్ళ తరబడి వింటే ముందు దెబ్బ తినేది అక్కడేనట. లోపల సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, పోతే మళ్ళీ మొలవవు. వయసు కూడా తోడై ఉండొచ్చు అన్నారు. ఒక్క చెవికే ఎక్కువగా ఉంది కాబట్టి వేరే కారణం ఏదీ లేదని తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష కూడా చేయించారు, అందులో ఏమీ లేదు. ఇలా తగ్గినవాళ్ళకు అచ్చులు వినపడతాయి, స, ఫ, త లాంటివి జారిపోతాయి అన్నారు. అప్పుడు ఓటీపీ గొడవ అర్థమైంది. ఫైవ్‌లోనూ నైన్‌లోనూ మధ్యలో ఉన్నది ఒకటే "ఐ". ఏడాదంతా నాకు ఆ ఐ ఒక్కటే వినపడింది.

చెవికి పెట్టుకునే మిషన్‌కు పద్దెనిమిది వేలు అయింది, ఫెస్టివల్ డబ్బులు అందులోకే పోయాయి. పెట్టుకున్న మొదటి రోజు తల పగిలిపోయినట్టుంది. ప్లాస్టిక్ కవర్ నలిగినా, గిన్నెలో గరిట పడినా ఉలిక్కిపడ్డాను. సాయంత్రం బండిలో ఒక్కణ్ణే కూర్చుని, అద్దాలు ఎక్కించి, ఇండికేటర్ వేశాను. టిక్కు టిక్కు టిక్కు. మా బండికి ఆ చప్పుడు ఉంది. ముప్పై సెకన్లు ఫోన్‌లో రికార్డ్ చేసి మేడంకు పంపాను. ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాటలు లేవు, ఏదో గది నిశ్శబ్దం, దూరంగా కాకి. రెండుసార్లు విన్నాను.

ఇక ఆ "సరే" సంగతి. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసైంది. మే నెలలో టూవీలర్ మీద వెనక కూర్చుని ఇంటర్‌లో ఏం తీసుకోవాలో నాతో చెప్పిందట. నాన్నా, నాకు ఎంపీసీ వద్దు, సీఈసీ తీసుకుంటాను అని. నాకు హెల్మెట్, ఎదురుగాలి, ఏదో "ఈ, ఈ" అని వినపడింది. ఆ, సరే సరే అన్నాను. వారం తర్వాత కాలేజీకి పోయి ఎంపీసీకి ఫీజు కట్టి వచ్చాను. నాన్న ఒప్పుకుని మాట తప్పాడని పిల్ల అనుకుంది. అడగలేదు, ఏడ్వలేదు, లెక్కల పుస్తకాలు ముందు పెట్టుకుని ఏడు నెలలు కూర్చుంది. మిషన్ వచ్చాక ఇంట్లో వాళ్ళకు జరిగిందంతా చెప్తుంటే, అప్పుడు నోరు విప్పింది.

మొన్న ఆదివారం దాన్ని కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, బోరబండ నుంచి దుర్గం చెరువు దాకా పోయి పక్కకు ఆపాను. ఇప్పుడు చెప్పు బిడ్డా, మొత్తం చెప్పు అన్నాను. కామర్స్ ఎందుకో, సీఏ అంటే ఏంటో, ఎన్ని పరీక్షలుంటాయో, వాళ్ళ సీనియర్ అక్క ఏం చెప్పిందో, ముక్కాలు గంట చెప్పింది. రెండుసార్లు నాకు ఒక మాట అందలేదు. రెండుసార్లూ ఆపి, మళ్ళీ చెప్పమని అడిగాను. జనవరిలో కాలేజీకి పోయి మాట్లాడాలి, గ్రూపు మార్చుకుంటే ఒక సంవత్సరం వెనకబడుతుందో లేదో కనుక్కోవాలి. తనతో పాటే వెళ్తాను.