ఆల్బరీ పాదిరిగారి రెండు గీతలు

మొన్న బీరువా సర్దుతుంటే నా స్లయిడ్ రూల్, అంటే పట్టీ జరిపి లెక్కలు చేసే కొలబద్ద, బయటపడింది. తోలు ఒర అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి కానీ, రూల్ మీది గీతలు చెక్కుచెదరలేదు. 1972లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చారు. జారే పట్టీ మీది 1ని కింది 2 ఎదురుగా పెడితే, పట్టీ మీద 3 ఉన్నచోట కింద 6 కనపడుతుంది. కాలేజీ అయ్యేదాకా బీముల లెక్కలన్నీ దీనిమీదే చేశాను. 6 ఎందుకొస్తుందో మాకెవరూ చెప్పలేదు. పరీక్షల టెన్షన్‌లో మేమూ అడగలేదు.

దీన్ని కనిపెట్టింది విలియం ఆట్రెడ్ అనే ఇంగ్లండు పాదిరి. 1610 నుంచి 1660లో కన్నుమూసేదాకా, యాభై ఏళ్లు సర్రేలోని ఆల్బరీ అనే పల్లెలో చర్చి బాధ్యత ఆయనదే. మనసంతా మాత్రం లెక్కల మీదే. 1614లో స్కాట్లండ్ గణితజ్ఞుడు నేపియర్ లాగరిథమ్స్ ప్రకటించారు. రెండు సంఖ్యల లాగరిథమ్స్ కూడితే వాటి గుణకారం ఫలితం దొరుకుతుంది. కొన్నేళ్లకు గుంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు లాగరిథమ్స్‌ని ఒక కొలబద్ద మీద గీతలుగా చెక్కించారు. దానిమీద దూరాలు కొలవడానికి రెండు కాళ్ల కంపాస్ కావాల్సి వచ్చేది. ఆట్రెడ్ అలాంటి గీతలు రెండు పక్కపక్కన చేర్చి జరిపారు. దూరానికి దూరం కలిసింది, గుణకారం కూడికైపోయింది. మనం రోజూ వాడే × గుర్తు కూడా 1631లో అచ్చయిన ఆయన పుస్తకంలోదే.

శిష్యుల దగ్గర డబ్బు పుచ్చుకునేవారు కాదట. సేత్ వార్డ్ లాంటి కేంబ్రిడ్జి పండితులు ఆ పల్లెకే వచ్చి నేర్చుకున్నారు. రాత్రి భోజనమయ్యాక ఇల్లాలు కొవ్వొత్తి వెలిగించనిచ్చేది కాదని ఆ కాలపు జీవితచరిత్రల రచయిత జాన్ ఆబ్రీ రాశారు. అది చదివితే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ చీకట్లో ఎన్ని ఆలోచనలు ఆగిపోయాయో! పగలు దుమ్ములోనే బొమ్మలు గీసుకునేవారట.

గుండ్రటి స్లయిడ్ రూల్ ముందు కనిపెట్టింది ఎవరని రిచర్డ్ డెలమెయిన్ అనే లెక్కల పంతులుతో పెద్ద తగవే నడిచింది. ఆ తగవులో ఆట్రెడ్ వాదన నన్ను పట్టేసింది. సూత్రం అర్థం కాకముందే పనిముట్టు చేతికిస్తే పిల్లలు గారడీవాళ్లు అవుతారని ఆయన బాధ. మమ్మల్ని తయారుచేసింది అలాగే.

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు స్లయిడ్ రూల్ అడుగుతోంది. ఇంకా ఇవ్వలేదు. కాగితం మీద గీత గీసి, 1కీ 2కీ మధ్య ఎంత దూరమో, 2కీ 4కీ మధ్య అంతే పెట్టమన్నాను. నిన్న రాత్రి లైటు కింద కూర్చుని 8 దాకా వచ్చింది. 3 ఎక్కడ పెట్టాలో తనే వెతుకుతోంది.