విక్టోరియా సరస్సు పక్క పల్లెల్లో మలేరియా కిట్టు పని

టాంజానియాలో దార్ ఎస్ సలామ్ ఆసుపత్రిలో ఎనలైజర్ ముందు కూర్చుని చేసే ల్యాబ్ పని వేరు, గేయిటా, కగేరా వైపు పల్లెల్లోని జహనాతీల్లో పని వేరు. జహనాతీ అంటే పల్లె డిస్పెన్సరీ. చాలాచోట్ల మైక్రోస్కోపు ఉండదు, ఉన్నా కరెంటును నమ్ముకోలేం. జ్వరమని ఎవరొచ్చినా ముందు చేసేది ఎంఆర్‌డీటీ, అంటే వేలి రక్తంతో చేసే మలేరియా కార్డు టెస్టు. పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్తల సంచిలో ఉండేది ఈ రకం కార్డే. కాకపోతే అక్కడ మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారమ్, వైవాక్స్ అనే రెండు రకాలకూ గీతలుంటాయి. ఇక్కడ ఎక్కువగా వాడేవి ఫాల్సిపారమ్ హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ను పట్టే కిట్లు. ఇక్కడి జనంలో చాలామందికి ఎర్రకణాల మీద, వైవాక్స్ లోపలికి దూరడానికి వాడుకునే డఫీ యాంటిజెన్ ఉండదు కాబట్టి వైవాక్స్ అరుదు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్లు రిజల్టు తేడా కొట్టగానే కిట్టును అనుమానిస్తారు. కిట్టు తప్పు తక్కువే. రక్తం కొలత, బఫర్ (రక్తాన్ని పట్టీ మీద నడిపించే ద్రవం) చుక్కలు, గడియారం, ఈ మూడింటి దగ్గరే పని చెడుతుంది.

రక్తం 5 మైక్రోలీటర్లు చాలు. ఉంగరం వేలి కొసకు పక్కగా గుచ్చాలి, అదీ స్పిరిట్ పూర్తిగా ఆరాకే. తడి మీద గుచ్చితే చుక్క నిలవదు, పక్కకు పాకిపోతుంది. పెద్దవాళ్ళయితే వేలు పట్టుకునే ముందు ‘షికమో’ అని పలకరించాలి, లేకపోతే చెయ్యి ఇవ్వడానికే మొహమాటపడతారు. సన్న పిపెట్‌తో గీత వరకే రక్తం పీల్చడం చాలామందికి కష్టం, బుడగలొస్తాయి. కిట్టులో చిన్న గిన్నెలాంటి కొస ఉన్న పుల్ల ఇస్తే పని తేలిక. రక్తం ఎక్కువైతే పట్టీ అంతా ఎర్రబారి, సన్నగా వచ్చిన గీత అందులో కలిసిపోతుంది.

బఫర్ చుక్కల లెక్క కంపెనీని బట్టి మారుతుంది, ఒకదానికి రెండు, ఇంకోదానికి నాలుగు. సరఫరాలో బ్రాండు మారినప్పుడల్లా పాత అలవాటు చేతిలో ఉండిపోతుంది. సీసా నిటారుగా పట్టాలి, వంచితే చుక్క చిన్నదవుతుంది. ఈ తప్పును పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. 25 టెస్టుల పెట్టెకు ఒకటే సీసా వచ్చే కిట్లలో, కార్డులు మిగిలి ఉండగానే సీసా ఖాళీ అయితే చుక్కలు ఎక్కువ వేస్తున్నట్టు. కార్డులయిపోయాక సగం సీసా మిగిలితే తక్కువ వేస్తున్నట్టు.

సీసా ముందే అయిపోయినప్పుడే అసలు ప్రమాదం. నీళ్ళో, సెలైనో, హెచ్‌ఐవీ కిట్టులోని బఫరో పోసి పని కానిచ్చేస్తారు. కార్డు పనిచేసిందని చూపే కంట్రోల్ గీత చక్కగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ బఫర్‌లోని లవణాలు, డిటర్జెంటే పట్టీ మీది యాంటీబాడీలు ఉత్తినే అతుక్కోకుండా ఆపేది. అవి లేకపోతే మలేరియా లేనివాళ్ళకీ టెస్టు గీత వచ్చేస్తుంది.

చదవాల్సిన సమయం కొన్ని కిట్లకు 15 నిమిషాలు, కొన్నింటికి 20. ముందే చూస్తే సన్న గీత ఇంకా రాదు. ఆ ప్యాకెట్ మీద రాసిన చదివే గడువు దాటాక వచ్చిన గీతకు విలువ లేదు. బెంచీ మీద అరడజను కార్డులుంటాయి కాబట్టి ప్రతి కార్డు మీద పేరు, మొదలుపెట్టిన టైము రాయించాలి. ఇక్కడ మనవాళ్ళు తికమకపడేది స్వాహిలీ గడియారంతో. పొద్దు పొడవగానే లెక్క మొదలవుతుంది కాబట్టి ‘సా తాతు’ అంటే మూడో గంట, మన తొమ్మిది. తొమ్మిదికి ‘మ్సేటో’ బిళ్ళల (ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్ అనే మలేరియా మందు) మొదటి మోతాదు వేస్తే, రెండోది 8 గంటల తర్వాత. సాయంత్రం ఐదుకు వెయ్యమని మన లెక్కలో ‘సా తానో’ అని చెబితే తల్లికి అది పదకొండు గంటలు. ‘సా కుమి నా మోజా జియోని’ అనాలి.

ఎంత సన్నగా ఉన్నా గీత గీతే, పాజిటివే. కార్డును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూడాలి. గీత ముదురును బట్టి జబ్బు తీవ్రత చెప్పకూడదు. పరాన్నజీవులు విపరీతంగా ఉన్న బిడ్డకే ఒక్కోసారి గీత పలచగా వస్తుంది, యాంటిజెన్ ఎక్కువై పట్టీ మీది యాంటీబాడీకి దొరకదు. కంట్రోల్ గీత రాకపోతే ఇంకో కార్డుతో మళ్ళీ చేయడమే.

నిల్వ మామూలుగా 30 డిగ్రీల లోపు, కొన్ని కిట్లకు 40 వరకు. రేకుల కప్పు కింద పై అరలో పెట్టడం, బోడాబోడా (అద్దె బైకు) వెనక ఎండలో కట్టుకుపోవడం రెండూ చేటే. ఫ్రిజ్‌లోంచి తీసిన పొట్లాన్ని వెంటనే చించినా తేమ పడుతుంది. లోపల తేమ పీల్చే సిలికా రంగు మారి ఉంటే కార్డు పారేయాలి.

మందు వాడిన బిడ్డ రెండు వారాల్లో మళ్ళీ జ్వరంతో వస్తే ఈ కార్డు పనికిరాదు. పరాన్నజీవి చచ్చాక కూడా హెచ్‌ఆర్‌పీ2 రక్తంలో వారాల తరబడి ఉంటుంది. రక్తపూత (మైక్రోస్కోపులో చూసే పరీక్ష) కోసం పై కేంద్రానికి పంపాలి. దీనికి తిరగబడ్డ చిక్కు ఎరిత్రియా, ఇథియోపియాల్లో ఉంది: హెచ్‌ఆర్‌పీ2 జన్యువే లేని ఫాల్సిపారమ్, కార్డుకు దొరకదు.

అన్నిటికన్నా బరువైన పని నెగటివ్ వచ్చాక. జ్వరముంది, కార్డు లేదంటోంది, తల్లి మందు కోసం కూర్చునుంది. చాలామంది ఇక్కడే మెత్తబడి మ్సేటో ఇచ్చేస్తారు. పాపం, జ్వరానికి వేరే కారణం చెప్పే ఇంకో కార్డు వాళ్ళ చేతిలో లేదు మరి. దగ్గు ఉంటే బిడ్డ చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టడం నేర్పాలి. 2 నుంచి 11 నెలల వయసులో నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, లేదా ఆపైన వస్తే న్యుమోనియా కింద చూడాలి. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి, అరనిమిషం చూసి రెట్టింపు చేయకూడదు. బిడ్డ ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా ఆ లెక్క కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి.