జ్వరం లేకుండానే తగ్గిన ప్లేట్‌లెట్లు

మా నాన్నగారికి చాలాకాలంగా మధుమేహం ఉంది. ఏటా చేయించే రక్త పరీక్షల్లో ఈసారి ప్లేట్‌లెట్లు 72 వేలే ఉన్నాయని వచ్చింది. మైక్రోలీటరు రక్తంలో అవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. బంధువులంతా డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం తాగించమన్నారు గానీ, ఆయనకు జ్వరమూ లేదు, ఒళ్లు నొప్పులూ లేవు.

రక్తవ్యాధుల వైద్యురాలు ముందుగా ఆ అంకె నిజమో కాదో తేల్చుకున్నారు. ఊదా రంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయనీ, అప్పుడు యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుందనీ చెప్పి, దాని బదులు సిట్రేట్ అనే మరో రసాయనం ఉన్న నీలి మూత గొట్టంలో మళ్లీ రక్తం తీయించారు. గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కను (స్మియర్) సూక్ష్మదర్శినిలో తానే చూశారు. తగ్గుదల నిజమేనని తేలింది. ఆ తర్వాత చిగుళ్లు, పిక్కల మీద ఎర్రటి చుక్కలేమైనా ఉన్నాయా అని చూసి, వాడుతున్న మందులన్నీ అడిగి, బీ12 లోపం, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ పరీక్షలు రాశారు. అవన్నీ సవ్యంగానే వచ్చాయి.

దారి చూపినవి పాత రిపోర్టులే. వాటిని తేదీల వరుసలో బల్ల మీద పరిస్తే లక్షా నలభై వేలు, లక్షా పది వేలు, తొంభై వేలు అని ఏళ్ల తరబడి మెల్లగా దిగుతూ వచ్చిన అంకెలు కనిపించాయి. డెంగీలో ఈ పతనం రోజుల్లోనే జరుగుతుంది. కడుపు స్కానింగ్‌లో ప్లీహం పెరిగిందనీ, కాలేయం గరుకుబారిందనీ బయటపడింది. మద్యం ముట్టని మనిషికి, కొవ్వు పేరుకుని కాలేయం గట్టిపడే సిర్రోసిస్! అలా గట్టిపడితే రక్తం వెనక్కి ఒత్తి ప్లీహం ఉబ్బుతుంది. మామూలుగా మూడోవంతు ప్లేట్‌లెట్లను దాచుకునే ఆ అవయవం మరిన్నింటిని పట్టి ఉంచుతుంది. పైగా వాటి ఉత్పత్తిని ప్రేరేపించే హార్మోను కాలేయంలోనే ప్రధానంగా తయారవుతుంది కనుక అదీ తగ్గుతుంది.

రక్తస్రావం లేనందున ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదన్నారు. ఎండోస్కోపీలో అన్నవాహిక సిరలు ఉబ్బి కనిపించడంతో అవి చిట్లకుండా మాత్రలు మొదలుపెట్టారు, మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్రలు మాన్పించారు. ఇప్పుడు ఆరు నెలలకోసారి కాలేయానికి స్కానింగ్ చేయిస్తున్నాం.