బ్రోకెన్ కొండ రైల్లో ఎదురు సీటు పెద్దావిడ

2024లో నెలంతా జర్మనీ మొత్తం తిరిగే టికెట్ 49 యూరోలు ఉండేది. వెర్నిగెరోడె నుంచి బ్రోకెన్ కొండెక్కి దిగే పొగబండికి ఒక్క పూటకే అంతకన్నా ఎక్కువయ్యేది. మాగ్డెబుర్గ్‌లో చదివే మనవాళ్ల ఫొటోల్లోని పచ్చటి అడవి కోసమే ఆ వేసవిలో ఆ డబ్బు పెట్టాను. తీరా పైకి వెళ్లేకొద్దీ కిటికీకి రెండువైపులా బూడిదరంగు మోళ్లే. ప్రాణం ఉసూరుమంది.

"అగ్గి పడిందా?" అని ఎదురు సీట్లో పెద్దావిడని అడిగాను.

"పురుగు. అంతకుముందు ఎండ" అంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్లు నష్టపరిహారం కింద ఈ హార్ట్స్ కొండల కలప నరికించి పట్టుకెళ్లారట. బోడి వాలుల మీద మళ్లీ మొక్కలు నాటింది ఎక్కువగా ఆడకూలీలు. పెద్దావిడ వాళ్లమ్మా అందులో ఒకరు, బ్రౌన్‌లాగె ఊరి వైపు. పర్సులోంచి యూరో రాకముందటి 50 ఫెనిష్ నాణెం తీసి నా అరచేతిలో పెట్టింది. దాని మీద వంగి మొక్క నాటుతున్న ఆడమనిషి. "ఇది ఓక్. అమ్మ నాటినవన్నీ స్ప్రూస్."

సూదుల్లాంటి ఆకుల చెట్టు స్ప్రూస్‌కి ఇక్కడ సొంతచోటు కొండల పైభాగం, చలీ తేమా ఉండేచోటు. కింది వాలులు వెచ్చన. వానలు పడినన్నాళ్లూ అక్కడే ఇంకా జోరుగా పెరిగింది. కలప బాగా వస్తోందని అక్కడే వరసలు వరసలుగా పెట్టారు. వేళ్లేమో లోతుకు దిగవు. 2018లో వానలు ముఖం చాటేశాయి, తర్వాతి రెండేళ్లూ తేరుకోనివ్వలేదు. నీళ్లు చాలని చెట్టుకి జిగురు ఊరదు. బెరడు తొలిచే పురుగుని ముంచి చంపేది ఆ జిగురే. బియ్యపుగింజంత పురుగు, ఏడాదికి రెండు కాన్పులు. వేడెక్కిన ఏడాదిలో మూడు.

మా బాపట్ల దగ్గర తాతయ్య ఇసుకనేలలో సరుగుడు వేసేవాడు. నాలుగైదేళ్లకి కోత. వానల్లేని ఏడు కర్ర లావెక్కేది కాదు, టన్నులు పడిపోయేవి. "ఇంకో ఏడు ఆగుదాంలేమ్మా" అనేవాడు. సరుగుడుకి ఆగొచ్చు. డెబ్భై ఏళ్లు పెరిగి మూడు వేసవుల్లో ఎండినదాని కోసం ఎన్నేళ్లు ఆగాలి? ఆ అక్టోబరులో వచ్చిన అడవుల లెక్క చదివాను: 2017 నుంచి జర్మనీ అడవులు పీల్చుకున్న కార్బన్ కంటే వదిలిందే ఎక్కువట. నాకు మాత్రం ఆవిడ చేతిలోని నాణెమే గుర్తొచ్చింది.

పైన 1,141 మీటర్ల దగ్గర చలిగాలికి పెద్ద చెట్లు నిలవవు. ఏడాదిలో మూడొందల రోజులు పొగమంచు పట్టే కొండ, ఆ పూట తెరిపిచ్చింది. పెద్దావిడ దక్షిణంవైపు వేలు చూపింది. "అదే వుర్మ్‌బెర్గ్. అమ్మ వాళ్లు నాటింది ఆ వాలు."

అంతా బోడిగానే ఉంది. నాణెం చేత్తో పట్టుకుని నిలబడి ఫొటో తీయమంది. తీశాను. చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇంకొకటి తియ్యమ్మా. వాలు కూడా పడాలి."