వేగస్‌లో నీళ్ళు చూడండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లాస్ వేగస్ తీసుకెళ్ళాలా వద్దా అని ఫీనిక్స్‌లో మా తెలుగువాళ్ళ మధ్య ఎప్పుడూ ఒక చర్చ. "పెద్దవాళ్ళకి అక్కడేముంది, జూదం తప్ప" అంటారు చాలామంది. నేను మాత్రం తీసుకెళ్ళమనే చెప్తాను. కాకపోతే, అక్కడ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూపించండి.

మాది అనంతపురం జిల్లా. మా నాయన వేరుశనగ రైతు, జీవితంలో చాలా భాగం బోర్లు వేయించడంతోనే గడిచిపోయింది. స్లాట్ మెషిన్ల హాళ్ళలో ఆయనకి ఏమీ తోచలేదు. అమ్మకి సిగరెట్ పొగ పడలేదు. కెసినోల్లో ఇప్పటికీ పొగ తాగనిస్తారు, చాలా హోటళ్ళలో గదికి వెళ్ళాలన్నా ఆ హాలు దాటాల్సిందే. ఆస్తమా ఉన్నవాళ్ళతో వెళ్తే కెసినో లేని హోటల్ తీసుకోండి. అమ్మకి బాగా నచ్చింది బెల్లాజియో లోపలి పూలతోట. టికెట్ లేదు, సీజన్‌ని బట్టి మొత్తం అలంకారం మార్చేస్తారు.

అదే హోటల్ ముందు, చీకటి పడ్డాక, ఫౌంటెన్లు. 1998 నుంచి ఆడుతున్నాయి. వెయ్యికి పైగా గొట్టాలు, కొన్ని 460 అడుగుల ఎత్తుకి చిమ్ముతాయి. చుట్టూ అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటే నాయన "ఈ నీళ్ళన్నీ యాడ్నుంచి వస్తాండాయమ్మా?" అని అడిగాడు. నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే దానికి మంచి జవాబుంది. ఆ స్థలంలో అంతకుముందు డ్యూన్స్ అనే హోటల్, దాని గోల్ఫ్ కోర్స్ ఉండేవి. ఆ గడ్డికి పెట్టిన భూగర్భ జలమే ఇప్పుడు ఈ చెరువుకి వస్తుంది. "అయితే బోరు నీళ్ళే" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున స్ప్రింగ్స్ ప్రిజర్వ్‌కి వెళ్ళాం, వేగస్ పాత ఊటలున్న చోటు. పెద్ద హోటళ్ళుండే స్ట్రిప్ అనే రోడ్డు నుంచి కారులో కాసేపే, కానీ టూరిస్టులు పెద్దగా వెళ్ళరు. ఏడాదికి సగటున 100 మిల్లీమీటర్ల వాన పడే చోట ఊరు పుట్టిందంటే ఇక్కడి ఊటల వల్లే. ఆ నీళ్ళు చూసే రైల్వేవాళ్ళు ఇక్కడ ఆగారు, 1905లో ప్లాట్లు వేలం వేశారు. తర్వాత ఊరు పెరిగింది, బావులు పెరిగాయి, 1962కల్లా ఊటలు పైకి రావడం ఆగిపోయింది. అక్కడి బోర్డు మీద రాసున్న ఈ కథ నేను తెలుగులో చెప్తుంటే నాయన ఒక్క మాట మాట్లాడలేదు. మా ఊళ్ళో వంకలు పారడం ఆయన కళ్ళతో చూశాడు, నేను చూడలేదు. అక్కడి ఎడారి మొక్కల తోటలో డ్రిప్ పైపులు కనబడగానే మళ్ళీ హుషారొచ్చింది, వంగి ఒక్కొక్కటీ పరిశీలించాడు.

స్ఫియర్ అనే గుండ్రటి భవనం, పాత ఊళ్ళోని ఫ్రీమాంట్ వీధి కారులోంచే చూశాం. అది చాలు.

తిరుగు ప్రయాణంలో హూవర్ డ్యామ్ ఎలాగూ దారిలోనే. నది మీద దాదాపు 900 అడుగుల ఎత్తులో ఉన్న కొత్త వంతెన మీద నడిస్తే 726 అడుగుల డ్యామ్ మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది. గాలి గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళ చెయ్యి వదలొద్దు. డ్యామ్ వెనక జలాశయం లేక్ మీడ్ చుట్టూ కొండల మీద తెల్లటి చారే నీళ్ళు ఎంత దిగిపోయాయో చెప్తుంది. వేగస్ తాగే నీళ్ళలో సుమారు 90 శాతం ఈ జలాశయానివే. కొలరాడో నదిలో నెవాడా వాటా మన లెక్కలో 13 టీఎంసీలు, అరిజోనాకి 120 పైన, కాలిఫోర్నియాకి 190 దాకా. ఈ అంకెలు విన్నాక నాయన కింగ్‌మన్ దాటేదాకా తుంగభద్ర గురించి, దాని ఎగువ కాలువ హెచ్చెల్సీలో మా వాటా గురించి, ఎగువోళ్ళ గురించి చెప్తూనే ఉన్నాడు. అమ్మ కూడా నిద్రపోకుండా మధ్యమధ్యలో సంవత్సరాలు సరిచేసింది.