550 ఏనుగులు, రెండు టాటా ఏస్‌లు

పోయిన నెల ఇల్లు మారినప్పటి నుంచి మా తాత పొలం కాగితాలున్న కవరు కనిపించడం లేదు. అటక మీద, బియ్యం డబ్బాలో, చివరికి అమ్మ ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య కూడా వెతికాం. లేదు. ఇక నకలు తీసుకోక తప్పదని ఈరోజు పొద్దున్నే అనంతపురంలో బస్సెక్కి పెనుకొండ వెళ్ళాను. (మొన్నటిదాకా మా జిల్లానే, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.) తీరా చూస్తే ఆఫీసులో ఆ సీటు ఆయన లేడు, మూడింటికి వస్తాడన్నారు.

అంతసేపు ఆ బెంచీ మీద కూర్చోలేక, విజయనగర రాజుల నాటి గగన్ మహల్ వైపు నడిచాను. చిన్నప్పుడు బడి పిల్లలతో ఒకసారి వచ్చాను గానీ అప్పటిది పులిహోర పొట్లం తప్ప ఏమీ గుర్తులేదు. రెండంతస్తుల మేడ. కింద కమానులు చూస్తే ఏదో దర్గాలోకి వచ్చినట్టుంటుంది, తలెత్తితే పైన గుడి విమానంలాంటి శిఖరం. హంపిలో లోటస్ మహల్ చూసినవాళ్ళకు వెంటనే అది గుర్తొస్తుంది. ఇరుకు మెట్లు, చీకటి. గోడ పట్టుకుని ఎక్కితే అరచేతికి సున్నం పొడి అంటింది, గార ఊడిన చోట లోపలి రాయి బయటపడి ఉంది.

1565 జనవరిలో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్ళికోట యుద్ధంలో, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయల తల తెగాక, ఆయన తమ్ముడు తిరుమల రాయలు పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన సదాశివ రాయలను వెంటబెట్టుకుని, ఖజానా అంతా 550 ఏనుగుల మీదికెక్కించి విజయనగరం వదిలి ఈ పెనుకొండకే వచ్చాడంటారు. ఏ మూట దేనిమీద పెట్టారో, దారిలో ఏది జారిపోయిందో ఎవరు లెక్క చూసుంటారు? మాకు రెండు టాటా ఏస్‌లకే ఒక కవరు పోయింది. దాన్నీ ఛోటా హాథీ అనే అంటారు కదా, ఆ మాట గుర్తొచ్చి మెట్ల మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అంతకుముందు పెనుకొండ రాజులకు వేసవి విడిది అంటారు. ఉన్నట్టుండి అదే రాజధాని అయింది. శాసనాల్లో దీని పేరు ఘనగిరి. మనవాళ్ళు మాత్రం కథను తళ్ళికోట దగ్గరే ఆపేస్తారు, హంపి శిథిలాల ఫొటో ఒకటి పెట్టి అయిపోయిందంటారు. నాకు ఇది అస్సలు నచ్చదు. ఓడిపోయి వచ్చినవాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి నుంచే నెట్టుకొచ్చారు. తిరుమల రాయలతో ఆరవీటి వంశం మొదలైంది, ఒకసారి బీజాపూర్ సైన్యం, ఇంకోసారి గోల్కొండ సైన్యం వచ్చి కోటను చుట్టుముట్టాయి, ఆ తర్వాతే రెండో వెంకటపతి రాయల కాలంలో రాజధాని చంద్రగిరికి మారింది. అంటే మళ్ళీ సామాన్లు కట్టడమే.

దిగి వస్తుంటే కాపలా ఆయన పలకరించాడు.

"ఏం సార్, ఒక్కరే వచ్చినారు?"

"ఆఫీసులో పనుండి వచ్చినా అన్నా."

"కాలేదా?"

"కాలేదు."

"ఈడికొచ్చేవాళ్ళు సగం మంది అట్లనే వస్తారు సార్."

మూడున్నరకు సీటు ఆయన వచ్చాడు, సర్వే నంబర్ రాసుకున్నాడు, సోమవారం రమ్మన్నాడు. బస్టాండు బయట గంపలో సీతాఫలాలు పెట్టుకుని ఒకామె కూర్చునుంటే ఒక డజను కొన్నాను, రెండు బస్సులోనే చితికిపోయాయి.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఏనుగుల సంగతంతా చెప్పాను. కాయలు గిన్నెలోకి ఏరుతూ విన్నది.

"అది సరే గానీ, ఆ ఫ్రిజ్ అట్టపెట్టెలో చూశారా? పాత క్యాలెండర్లు పెట్టిన దాంట్లో."

చూడలేదు. దాన్ని మొన్న ఆదివారమే పాత పేపర్లాయనకు వేసేశాను.